ఊరికే చూడ్డానికి పోయొచ్చినాం

దసరా సెలవుల ముందు మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగినాడు, "నంద్యాల చుట్టుపక్కల ఇంట్లోవాళ్లను తీస్కపోయే చోట్లు ఏమున్నాయి?" అని. కింద చాలామంది పేర్లు పెట్టినారు. మహానంది, యాగంటి, అహోబిలం, బెలుం గుహలు, శ్రీశైలం, ఓర్వకల్లు. పేర్లన్నీ కరెక్టే. కానీ ఆ లిస్టు గూగుల్‌లో కొట్టినా వస్తుంది. మన ఇండ్లలోనుంచి బయలుదేరాలంటే ఏమేం అడ్డమొస్తాయో, పోయినాక ఏమవుతుందో గూగుల్‌కు తెలీదు. అందుకే నేను మా వాళ్లను తీస్కపోయిన సంగతి రాస్తున్నా. పెద్ద పోస్టే, ఓపికున్నోళ్లు చదవండి.

మాది మిడుతూరు మండలంలో ఒక సుగాలి తండా. నంద్యాలలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. ఇంటికాడ యాడి, బాపు, అవ్వ, ఇంటర్ చదివే తమ్ముడు, ఎనిమిదో తరగతి చెల్లెలు. నాతో కలిపి ఆరుగురం.

ఫస్టియర్‌లో ఇంగ్లీషు క్లాసులో ఒక్కొక్కరినీ లేపి ఫ్యామిలీ ట్రిప్ గురించి రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. ఒకమ్మాయి ఊటీ గురించి చెప్పింది. ఒకబ్బాయి తిరుపతి. ఇంకొకరు బెలుం గుహల గురించి చాలా బాగా చెప్పినారు. నా వంతు వచ్చినప్పుడు నేను గుంటూరు అన్నా. ఇంట్లో అందరం కలిసి ఊరు దాటి పోయింది అక్కడికొక్కటే మరి. లారీలో పోయినాం, చేను గట్టున పట్టలతో గుడిసె వేసినాం, రెండు నెలలు ఉన్నాం, మిరపకాయలు కోసినాం అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పినా. "అక్కడ ఏమేం చూసినారు?" అని అడిగినారు. మిరపచేను తప్ప ఏం చూడలేదన్నా. క్లాసులో కొంతమంది నవ్వినారు, కొంతమంది నవ్వలేదు. నాకు ఆ నవ్వు పెద్దగా గుర్తు లేదు. ఆ ప్రశ్న మాత్రం ఉండిపోయింది. ఏమేం చూసినారు.

మా బాపుకు తెలీని చోటు ఈ చుట్టుపక్కల లేదు. బేతంచెర్ల తెలుసు, నాపరాయి గనుల్లో రెండేండ్లు బండలు మోసినాడు. ఓర్వకల్లు విమానాశ్రయం తెలుసు, కట్టేటప్పుడు కూలికి పోయినాడు. 2021 మార్చిలో అక్కడ విమానాలు మొదలైనప్పుడు తండాలో అందరికంటే ఎక్కువ గొప్ప చెప్పుకున్నది ఆయనే. గని దగ్గరి సోలార్ పార్కు తెలుసు. వెయ్యి మెగావాట్లది, 2017లో మొదలైంది. ఆ అద్దాల పలకలు కడిగే పనికి కొన్నాళ్లు పోయినాడు. యాడికి కర్నూలు తెలుసు, ఉల్లిగడ్డల సీజన్లో మార్కెట్ యార్డు దాకా. అవ్వకు శ్రీశైలం తెలుసు. పెండ్లయిన కొత్తల్లో తాతతో కలిసి డ్యాం పనికి పోయి, బుట్టలతో మట్టి మోసింది. ఆ డ్యాంకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేస్తే కట్టడం అయ్యేసరికి దాదాపు ఇరవై ఏండ్లు పట్టింది. అన్నేండ్లలో మన తండాల నుంచి ఎంతమంది పోయి గుడారాలేసుకొని బతికినారో మీ ఇండ్లలో పెద్దోళ్లను అడగండి, ఎవరో ఒకరు ఉంటారు.

ఇప్పుడు ఆగస్టులో కృష్ణకు వరదొస్తే ఆ డ్యాం పన్నెండు గేట్లు ఎత్తుతారు. హైదరాబాదు నుంచి కార్లు వరస కడతాయి. పిల్లాజెల్లాతో వచ్చి ఫోటోలు దిగుతారు. మా అవ్వ ఆ నీళ్లు దూకడం చూసింది టీవీలోనే.

అంటే మా వాళ్లు ఈ చోట్లకు పోలేదని కాదు, పని లేకుండా పోలేదు. ఈ మాట నాకు చాలా రోజుల తర్వాత తట్టింది. అప్పటిదాకా "మాకు డబ్బుల్లేవు, అందుకే పోలేదు" అనుకుంటా ఉన్నా. డబ్బు సంగతి నిజమే, కానీ లెక్క వేరే రకంగా ఉంటుంది. ఎక్కడైనా లోపలికి పోయే టికెట్ మన ప్రాణం తీసేంత ఉండదు. అసలు ఖర్చు కూలి. బాపుకు 600, యాడికి 350 ఆ రోజు రాకుండా పోతాయి. బస్సు ఛార్జీలు, తిండి దాని మీద. అట్ల చూస్తే ఊరికే తిరిగొచ్చిన ఒక రోజు మా ఇంటికి రెండు వేల దగ్గర పడుతుంది. ఉద్యోగం ఉన్నోళ్లకు ఆదివారం జీతంతో కలిసే వస్తుంది. కూలోళ్లకు ఆదివారం అంటే ఇంకో రోజు, అంతే.

ఇందులో ఒక భాగం ఈమధ్య తగ్గింది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచితం వచ్చింది కదా, స్త్రీశక్తి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. మా ఇంట్లో ఆరుగురిలో నలుగురం ఆడవాళ్లమే! ఆ లెక్క వేసుకున్నాకే నాకు ధైర్యం వచ్చింది.

రెండో భాగం వాన తగ్గించింది. మాది నల్లరేగడి. గట్టి వాన పడితే రెండు రోజులు చేన్లో కాలు పెట్టలేం, పత్తి తియ్యలేం. ఆ రోజు కూలి ఎట్లాగూ ఉండదు. సెలవుల్లో ఇంటికి పోయినాక ఒక రాత్రి బాగా కురిసింది. తెల్లారి నేను చెప్పినా, "ఈ రోజు అందరం ఓర్వకల్లు పోదాం" అని.

యాడి మొదటి మాట, "ఎవరి పెండ్లి?"

పెండ్లి లేదు, దినాలు లేవు, దేవర లేదు, ఊరికే చూసొద్దాం అన్నా. "పనీ పాటా లేకుండా యాడికి పోతాం, నలుగురు చూస్తే ఏమనుకుంటారు" అనింది. చూడండి, కూలి పోతుందని అనలేదు, నలుగురు చూస్తే అనింది. బాపు ఏం అనలేదు, బీడీ కాల్చుకుంటా కూచున్నాడు. అవ్వ మాత్రం అప్పటికే ట్రంకుపెట్టె తెరిచి మంచి ఫేటియా తీస్తా ఉంది. మా ఇంట్లో ఇంకా పాత బట్ట కట్టేది ఆమె ఒక్కతే. అద్దాలు కుట్టిన కాంచళి, మోచేతుల దాకా తెల్ల బలియాలు. ఇంట్లో అందరికంటే పెద్దామె సిద్ధమైనాక ఇంక ఎవ్వరూ వద్దనలేకపోయినారు. జొన్నరొట్టెలు, వేరుశనగ పొడి, ఉల్లిగడ్డలు కట్టుకున్నాం. రెండు బాటిళ్ల నీళ్లు.

దారి గురించి చెప్పాలి. మా మండలం నుంచి ఓర్వకల్లు అడ్డదారిన ఆటోలో పోతే దగ్గరే. కానీ ఆటోలో జీరో టికెట్ లేదు కదా. అందుకని మిడుతూరు నుంచి నందికొట్కూరు, నందికొట్కూరు నుంచి కర్నూలు, మళ్లీ కర్నూలు నుంచి నంద్యాల పోయే పల్లెవెలుగు ఎక్కి ఓర్వకల్లు. ముక్కును తల చుట్టూ తిప్పి పట్టుకున్నట్టు. నాకు విసుగొచ్చింది గానీ మా చెల్లెలికి బస్సే టూరు. మూడు బస్సులు, మూడు కిటికీలు. కండక్టరు బాపుకు, తమ్మునికి మాత్రమే డబ్బులు తీసుకుంటే అవ్వ బాపు వైపు చూసి, "ఇన్నాళ్లకు మేము మీకంటే పెద్దోళ్లమైనాం" అని నవ్వింది.

ఓర్వకల్లు రాక్ గార్డెన్ చూడనోళ్లకు రెండు మాటలు. కర్నూలు నుంచి నంద్యాల పోయే హైవే పక్కనే ఉంటుంది. చాలా పాత రాళ్లు, గాలికీ నీళ్లకూ అరిగి ఒక్కొక్కటి ఒక్కో ఆకారంలో నిలబడి ఉంటాయి. మధ్యలో నీటి మడుగులు. రాళ్ల మధ్య నుంచి నడిచే దారులు, బోటు, టూరిజం వాళ్ల హోటలు. వానల తర్వాత పోతే మడుగులు నిండుగా ఉంటాయి, ఎండాకాలంలో మధ్యాహ్నం మాత్రం పోవద్దు, బండలు కాల్చేస్తాయి.

టికెట్లు తీసుకొని లోపలికి పోయినాం. బాపు చుట్టూ చూసి, "రాళ్లు చూడ్డానికి దుడ్లిచ్చినామా?" అన్నాడు. తమ్ముడు పడీ పడీ నవ్వినాడు. బాపు నవ్వలేదు, నిజంగానే అడిగినాడు. రెండేండ్లు గనిలో రాయి కింద బతికిన మనిషికి ఇది ఎట్ల అనిపిస్తుందో మనం చెప్పలేం. కొంచెం ముందుకు పోయి ఒక బండ మీద చెయ్యి పెట్టి తట్టినాడు. ఇది ఉలికి లొంగదు, మా నాపరాయి మాదిరి పొరలు పొరలుగా లేవదు, గట్టిది అన్నాడు. ఇంకోచోట దారికి పరిచిన బండలు చూసి కింద ఇసుక సరిగ్గా పోయలేదు, అందుకే కదులుతున్నాయి అన్నాడు. పావుగంట అట్లాగే తిరిగినాం. తర్వాత ఒక చెట్టు కింద ఆగి నన్ను మెల్లగా అడిగినాడు.

"పాపా, ఇప్పుడు ఏం చేయాల?"

ఏం చేయక్కర్లేదు బాపూ, కూచో, చూడు అన్నా. కూచున్నాడు. కానీ రెండు నిమిషాలకు లేచి అక్కడ పడున్న ప్లాస్టిక్ సీసాలు ఏరి డబ్బాలో వేసొచ్చినాడు. మళ్లీ కూచున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు ఉన్నాడు. మా బాపుకు యాభై ఏండ్లు ఉంటాయి. ఊరు కాని ఊర్లో, చేతిలో పారా గానీ గడ్డపార గానీ లేకుండా, మేస్త్రీ పిలుపు లేకుండా, ఒక పూటంతా ఉండటం ఆయనకు అదే మొదలు. అది నాకు అప్పుడే అర్థమైంది. కొంచెం గొంతు పట్టేసినట్టయింది, పక్కకు తిరిగినా.

యాడి మాత్రం త్వరగానే అలవాటు పడింది. బోటు ఎక్కుతావా అంటే ముందు వద్దని, చెల్లెలు ఎక్కినాక తానూ ఎక్కింది. చీర కొంగు గట్టిగా పట్టుకొని కూచుంది. బోటు మధ్యలోకి పోయినాక చెయ్యి ఒకటి బయటికి పెట్టి నీళ్లను తాకింది. దిగినాక ఏమనిపించిందే అంటే, "నీళ్లు మోసేదే తెలుసు గానీ నీళ్లు మనల్ని మోస్తాయని ఇప్పుడే చూసినా" అనింది. నేను అక్కడే ఫోన్లో రాసిపెట్టుకున్నా.

ఇప్పుడు అవ్వ సంగతి. రొట్టెలు తిని కూచున్నప్పుడు ఒక కుటుంబం వచ్చింది. మంచి బట్టలు, పెద్ద ఫోను, మర్యాదగా మాట్లాడే మనుషులే. అవ్వ బట్ట చూసి, "ఎంత బాగుందో! అవ్వా, మా పిల్లలతో ఒక ఫోటో దిగుతావా?" అని అడిగినారు. నాకు ఒళ్లు మండింది. ఆ గార్డెన్లో రాళ్ల తర్వాత చూసే వస్తువు మా అవ్వా అని. వద్దని చెప్పబోయినా. అవ్వ నన్ను ఆపి లేచి నిలబడింది. ఆ పిల్లల భుజాల మీద చేతులేసి దిగింది. అయినాక వాళ్లు థాంక్స్ చెప్పి పోబోతుంటే అవ్వ, "ఉండండమ్మా" అని ఆపి నాతో అనింది, "నువ్వు కూడా వాళ్లది ఒకటి తియ్యి."

వాళ్లకు అర్థం కాలేదు. "మాదెందుకవ్వా?" అన్నారు. "మీరు నాది తీస్కపోతిరి. మేం మీది తీస్కపోవద్దా? మా తండాలో చూపిస్తాం, కర్నూలోళ్లు ఇట్ల ఉంటారని" అనింది. ఆ ఇంటాయన ముందు గట్టిగా నవ్వినాడు. తర్వాత కాలరు సర్దుకొని, పెండ్లాన్నీ పిల్లలనూ పక్కన నిలబెట్టుకొని బుద్ధిగా నిలబడినాడు. తీసినా. ఆ ఫోటో ఇంకా నా ఫోన్లో ఉంది. అవ్వ నిజంగానే తండాలో నలుగురికి చూపించింది.

హాస్టల్‌కు తిరిగొచ్చి ఇది నా రూమ్మేటుకు చెప్పినా. తను చెంచు అమ్మాయి, ఆత్మకూరు వైపు నుంచి. నవ్వుతుందనుకున్నా, నవ్వలేదు. వాళ్ల బంధువుల గూడేనికి ఎప్పుడైనా బండ్లు వస్తాయంట. దిగి, గుడిసెలు చూసి, ముసలోళ్లను విల్లు పట్టుకోమని చెప్పి ఫోటోలు తీసుకొని పోతారంట. "గూడెం చూడ్డానికి వస్తారు, గూడెంలో బడి ఉందా లేదా చూడ్డానికి రారు" అనింది. అయితే తను ఇంకోటి కూడా చెప్పింది. బైర్లూటిలో అటవీశాఖ జంగిల్ క్యాంపు ఉంది, అడవి చూపించే పనిలో చెంచు పిల్లలు ఉన్నారు. అక్కడ అడవి గురించి చెప్పేది చెంచోడు, వినేది వచ్చినోడు. అది తనకు నచ్చుతుందంట. రెండింటికీ తేడా ఎక్కడుందో నేను చాలాసేపు ఆలోచించినా. మా అవ్వ చేసింది కూడా ఆ తేడా దగ్గరిదే అనిపిస్తుంది.

ఇది మన నల్లమలలో మాత్రమే ఉన్న సంగతి కూడా కాదు. అండమాన్‌లో జారవాల అడవి మధ్య నుంచి పోయే రోడ్డు మీద టూరిస్టు బండ్లు ఆపి వాళ్లతో డ్యాన్సు చేయించిన వీడియో 2012లో బయటికొచ్చి దేశమంతా గొడవైంది. ఇంకా వెనక్కి పోతే, 1904లో అమెరికా మధ్య భాగంలో సెయింట్ లూయీ అనే నగరంలో పెద్ద ఎగ్జిబిషన్ పెట్టి, ఫిలిప్పీన్స్ నుంచి వెయ్యి మందికి పైగా మనుషులను తెచ్చి, వాళ్లకు అక్కడే గుడిసెలు వేయించి చూపించినారు. వాళ్లలో ఇగొరోట్ అనే కొండజాతి వాళ్లను చూడ్డానికే జనం ఎక్కువగా ఎగబడినారు. పిల్లలను తీసుకొని, టికెట్ కొనుక్కొని, అన్నం మూట కట్టుకొని వచ్చినట్టే వచ్చి చూసి పోయినారు. వాళ్లకు అది ఫ్యామిలీ ఔటింగే.

మన అహోబిలం వేరే రకం. అక్కడి కథలో నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకున్నాడు, కాబట్టి చెంచులు స్వామికి అత్తింటివాళ్లు. కనుమ నుంచి మొదలయ్యే పారువేటలో స్వామి నలభై రోజులకు పైగా ముప్పైకి మించిన ఊళ్లు తిరుగుతాడు, చెంచులు విల్లంబులతో వస్తారు. అక్కడ విల్లు పట్టుకున్న మనిషి చుట్టమై నిలబడతాడు. నా రూమ్మేటు చిన్నప్పటి నుంచి అహోబిలం పోతుంది, తనకది టూరిస్టు ప్లేసు అని కాలేజీకి వచ్చేదాకా తెలీదంట!

సరే, మళ్లీ మా వాళ్ల దగ్గరికి వస్తా. ఓర్వకల్లు పోయొచ్చిన వారానికి బాపే అన్నాడు, "మన రోళ్లపాడు చూసినారా మీరు?" అని. రోళ్లపాడు మా మండలంలోనే ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేసినారు, 614 హెక్టార్లు. పేరుకు అరణ్యం గానీ చెట్లు తక్కువ, అంతా గడ్డి. బట్టమేకకు గడ్డే కావాలి. మీటరు ఎత్తు పిట్ట, ఎగిరే పక్షుల్లో బాగా బరువైన వాటిలో ఒకటి, నేల మీద ఒక్కటే గుడ్డు పెడుతుంది. దేశం మొత్తం మీద ఇప్పుడు రెండు వందలు కూడా లేవు, ఉన్నవి ఎక్కువ రాజస్థాన్‌లోనే. రోళ్లపాడులో కొన్నేండ్లుగా కనపడటం లేదు. బోర్డు మీద బొమ్మ ఉంది, పిట్ట లేదు.

అక్కడ బాపు వేరే మనిషి. ఇప్పుడు ఏం చేయాలని అడగలేదు. మేం ఆయన వెనక నడిచినాం. చిన్నప్పుడు ఆ బీళ్లలో మేకలు మేపినాడు. మగపిట్ట గొంతు కింద సంచి మాదిరి ఉబ్బించి, మెడ సాచి అరుస్తుంటే అర మైలు దూరం వినపడేదంట. ఆ అరుపు చేసి చూపించినాడు. తమ్ముడు, చెల్లెలు ఆశ్చర్యపోయినారు, మా బాపుకు ఇది కూడా వస్తుందా అని. గడ్డిలో ఎక్కడ కూచుంటే గాలి మన వాసన జింకలకు మోసుకుపోదో చూపించినాడు. అరగంట కదలకుండా కూచున్నాక కృష్ణజింకలు వచ్చినాయి, పాతిక దాకా. నల్ల మగజింక ఒకటి మెలికల కొమ్ములతో ముందు నిలబడి మా వైపే చూసింది. ఇవే జింకలు మా వాళ్ల శనగచేలు మేస్తాయి. బాపు రెండూ చెప్పినాడు, ఇంత అందమైనవి ఇంకోటి లేవని, ఇంత దొంగవి ఇంకోటి లేవని.

పెద్ద పెద్ద కెమెరాలతో బెంగుళూరు నుంచి, హైదరాబాదు నుంచి ఇక్కడికి మనుషులు వస్తారు. మన పిల్లలు ఎంతమంది చూసినారో నాకైతే అనుమానమే. మండలంలో ఉన్నోళ్లం మనమే. టికెట్ ఖర్చు కంటే బాపు లాంటి ఒక మనిషి పక్కన ఉండటం ముఖ్యం అక్కడ. ఇంట్లో మేకలు, గొర్రెలు మేపిన పెద్దోళ్లు ఉంటే వాళ్లను ముందు పెట్టి పోండి.

ఇంక ఆ తమ్ముడు అడిగిన లెక్క. ఓర్వకల్లుకు మా ఆరుగురికి బస్సులు, టికెట్లు, బోటు, టీలు, చెల్లెలికి ఐస్‌క్రీం అన్నీ కలిపి 870 రూపాయలు చేతి నుంచి పోయినాయి. నా స్కాలర్‌షిప్ డబ్బుల్లో దాచింది. తిండి ఇంటి నుంచే. వాన మరుసటి రోజు పోయినాం కాబట్టి కూలి పోలేదు. ఆధార్ కార్డులు మర్చిపోవద్దు, అవ్వల కార్డులు మరీ. బెలుం పోయేటోళ్లు ఉంటే పెద్దోళ్లను ఆలోచించి తీస్కపోండి. గుహ మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో కిలోమీటరున్నర దాకా మనల్ని నడవనిస్తారు, కానీ లోపల ఉక్క ఎక్కువ, వంగి దూరే చోట్లు, మెట్లు ఉన్నాయి. ఊపిరి ఇబ్బంది ఉన్నోళ్లకు వద్దు. మోకాళ్ల నొప్పులోళ్లకు మహానంది నయం, కోనేట్లో నీళ్లు అడుగు కనపడేంత తేటగా ఉంటాయి, కూచోడానికి నీడ ఉంది. సంగమేశ్వరం ఎండాకాలంలోనే. శ్రీశైలం డ్యాం నీళ్లు తగ్గితే గుడి బయటపడుతుంది, మళ్లీ వరదొస్తే మునిగిపోతుంది. ఏడు నదులు కలిసే చోటని పేరు. ఆ నీళ్ల కింద వందకు పైగా ఊళ్లు కూడా పోయినాయి. గుడికి పోయే వాళ్లతో ముంపు ఊళ్ల వాళ్లు ఎవరైనా ఉంటే ఒక్కసారి అడగండి, చెయ్యి చాపి ఇల్లు ఎక్కడుండేదో చూపిస్తారు.

అవ్వకు ఈ సంగమేశ్వరం విషయం చెప్పినప్పుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ మట్టి మోసింది మేమే కదే" అనింది. ఎంత మోసినావవ్వా అంటే, లెక్క పెట్టలేదు, మేస్త్రీ పెట్టినాడు అనింది.

బాపు ఈసారి సేవాగఢ్ పోదాం అంటున్నాడు. గుత్తి దగ్గర, ఫిబ్రవరి 15 సేవాలాల్ జయంతికి. కర్నూలు మీదుగా గుత్తి బస్సులు ఉన్నాయి. జాతరకు మా వాళ్లు ఇంతకుముందు కూడా పోయినారు గానీ తెల్లారి పోయి రాత్రికే వచ్చేసేవాళ్లు, మిరపకోతల సీజన్ కాబట్టి. ఈసారి ఒక రాత్రి ఉండి గుత్తి కోట కూడా చూసి రావాలని తమ్ముని ప్లాను. మన గ్రూపులో నందికొట్కూరు, ఆత్మకూరు, పగిడ్యాల వైపు నుంచి పోయేటోళ్లు ఉంటే కింద రాయండి, కలిసి పోదాం. రోళ్లపాడుకు రావాలనుకునే వాళ్లు కూడా చెప్పండి, బాపును అడుగుతా, వాన పడిన మరుసటి రోజైతే వస్తాడు.

అవ్వ మాత్రం సేవాగఢ్ అయినాక శ్రీశైలమే అంటుంది. టీవీ పెట్టి వార్తల్లో కృష్ణ నీళ్ల సంగతి వస్తే చాలు, నాకు ఫోన్ చేయిస్తుంది. నిన్న కూడా చేయించింది. వచ్చే ఆగస్టులో గేట్లు ఎప్పుడు ఎత్తుతారో ముందే చెప్తారా అని అడిగింది. ఎత్తే ముందు చెప్తారవ్వా అన్నా. "అయితే నాకు ఒక రోజు ముందు చెప్పు. బలియాలు కడుక్కోవాల" అనింది.